రేటు పట్టికలో లేని కేక

“మొహాలు కాదయ్యా ధర్మేందర్, కుర్చీలు. కుర్చీలు తియ్యి.”

పట్టాభి మాట చెవిన పడగానే ధర్మేందర్ కెమెరా దించాడు. మొదటి వరుసలో ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగడం అతని చేతికి అలవాటు. పెళ్లిళ్లు తీసే చెయ్యి అది. తలంబ్రాలకన్నా ముందు తలంబ్రాలు పోసే వేళ్ల వణుకును పట్టుకుంటుంది. ఇప్పుడు మూఢం నడుస్తోంది. ముహూర్తాలు లేవు. బడంగ్‌పేట్‌లో అతని స్టూడియో షట్టరు సగం దించే ఉంది. అంతలో దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ నడుమనున్న డివిజన్‌కు ఉపఎన్నిక వచ్చింది. ఏ అభ్యర్థి ప్రచారానికి ఎంత ఖర్చవుతోందో వీడియో తీసే పనికి కెమెరావాళ్లు కావాలని ఎన్నికల ఆఫీసువాళ్లు అన్నారు. వచ్చి చేరాడు.

ఆ బృందానికి అధికారి పట్టాభి. ఏలూరు వైపునుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి. గొంతు పెంచడు, నడక పెంచడు. చంకలో ఎప్పుడూ ఒక నీలిరంగు ఫైలు. అందులో రేట్ల పట్టిక: కుర్చీకి ఇంత, కండువాకు ఇంత, మజ్జిగ ప్యాకెట్టుకు ఇంత, డప్పు కొట్టే మనిషికి ఇంత. వాటిని ఆయన శ్లోకాల్లా అప్పజెప్పగలడు.

“డబ్బున్నవాడి గొంతొక్కటే వినపడకూడదనే కదయ్యా, చట్టం ఖర్చుకు హద్దు గీసింది,” అన్నాడు పొద్దున వ్యానులో. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో పూజగదిలోకి వెళ్లేవాడి శుభ్రత కనిపించింది. ధర్మేందర్‌కు ఆయనమీద గౌరవం కలిగింది.

మన్సూరాబాద్‌లోని ఆ ఫంక్షన్ హాల్లో కుర్చీలు వరుసలు వరుసలుగా, తెల్లని గుడ్డలు కట్టుకుని ఉన్నాయి. వేదికమీద పెద్ద పార్టీ అభ్యర్థి కూర్చుని వచ్చినవాళ్లందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. వెనక బ్యానర్‌మీద మాత్రం ఎవరో పసివాడి బొమ్మ, పుట్టినరోజు శుభాకాంక్షలు. బిర్యానీ వాసన గేటుదాకా వచ్చి ఎదురుకోలు పలుకుతోంది.

అభ్యర్థి తరఫున లెక్కలు చూసే ఏజెంటు వంశీకృష్ణ పేపరు ప్లేటులో కేకుముక్క పట్టుకుని ఎదురొచ్చాడు. “రండి సార్, రండి. మా కార్యకర్త మనవడి బర్త్‌డే. అన్న ఊరికే గెస్టుగా వచ్చారు.”

“పిల్లాడేడీ?”

“పడుకున్నాడండీ.”

“మరి కేకు ఎవరు కోశారు?”

“అన్నే కోశారు సార్. పిల్లాడి తరఫున.”

హాల్లో జెండా లేదు. కండువా లేదు. మైకులో ఎవరూ ఓటు మాట ఎత్తలేదు. పట్టాభి కలం మూత తీసి, కాసేపు గాల్లో నిలిపి, మళ్లీ మూత పెట్టాడు. పుట్టినరోజును ప్రచారం ఖర్చులో రాసే దారి ఆయనకు దొరకలేదు. వంశీకృష్ణ చేతిలో పెట్టిన కేకును తినకుండా ఒక ఖాళీ కుర్చీలో పెట్టి బయటికి నడిచాడు. 

వ్యాను కదలకముందే ఆయన ఫోనులో ఫిర్యాదు మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అనుమతి లేని మైకు.

బస్‌స్టాపు దాటాక, మెట్రో పిలర్ల నీడలో ఒక ఆటో ఆగి ఉంది. నెత్తిన ఇనుప గరాటులాంటి మైకు. పక్కన స్వరూపరాణి. ఫుట్‌పాత్ మీద నైటీలు అమ్ముతుంది. ఫుట్‌పాత్‌మీద అమ్ముకునేవాళ్లకు చట్టం రాసిచ్చిన చోటును అడగడానికి పూలవాళ్లూ పండ్లవాళ్లూ చెప్పులు కుట్టేవాళ్లూ కలిసి ఆమెను స్వతంత్ర అభ్యర్థిగా నిలబెట్టారు. గుర్తు కుట్టుమిషన్. మెడలో కండువాకు బదులు కొలతల టేపు వేసుకుని తిరుగుతోంది.

పట్టాభి కాగితంమీది నంబరును ఆటో నంబరుతో పోల్చాడు. “ఈ అనుమతి వేరే ఆటోదమ్మా.”

“గా ఆటోకు క్లచ్ వైరు తెగింది సార్. మైకు ఇప్పి దీనికి కట్టినం. ఆటో మారింది గని మాట మారలే.”

“అనుమతి మాటకి కాదు, బండికి. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.”

“ఎన్ని దినాలు పడ్తది?”

“రెండు రోజులు.”

“రేపు సాయంత్రం ఐదింటికి ప్రచారమే బంద్ గదా సార్!”

పట్టాభి మైకును కిందికి దింపించి, దానికి గుడ్డ చుట్టాడు. దారం బిగించాడు. లక్క కరిగించి ముద్ర వేశాడు. పసిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినంత నెమ్మదిగా చేశాడా పనిని. ధర్మేందర్ కెమెరా మాత్రం స్వరూపరాణి చేతిమీదే నిలిచింది. దారం చుట్టు చుట్టుకూ బిగుస్తున్నా ఆ చెయ్యి మైకు పిడిని వదలలేదు. చివరికి ఒక్కొక్క వేలే విడిచింది.

“నోరు గూడ సీల్ చేస్తరా సార్?”

“నోటికి రేటు లేదమ్మా.” అది వెక్కిరింత కాదు. పట్టికంతా వెతికి చెప్పినంత నిజాయితీగా అన్నాడు.

ఆయన వ్యాను వైపు వెళ్లాక ధర్మేందర్ ఆగి అడిగాడు: “మైకెందుకక్కా? మీటింగు పెట్టి అందర్నీ ఒక్కకాడ పిలవరాదు?”

“ఎవలొస్తరు తమ్మీ? బండి ఇడిసి వస్తె గిరాకీ పాయె, సామాను పాయె. ఆళ్లు రాలేరనే ఆటో కిరాయికి తెచ్చిన. నా మాటే అందరి కాడికి పోతదని.”

పక్కన మల్లెలు కడుతున్న అమ్మాజీ తల ఎత్తకుండానే అంది: “పోనీలే రాణీ. నువ్వు నైటీల బేరంలో అరిచే అరుపుకి మైకెందుకే అసలు?”

స్వరూపరాణి నవ్వింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం ఆమె జామకాయల ప్లాస్టిక్ ట్రేను బోర్లించి, దానిమీదికి ఎక్కి నిలబడింది. ఎదురుగా జనం లేరు. ఎడమకూ కుడికీ సాగిపోయే ఫుట్‌పాత్ ఉంది. ఎవరి బుట్ట దగ్గర వాళ్లు కూర్చునే ఆమె వైపు చూస్తున్నారు. పట్టాభి ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డవతల బైకు సీటుమీద వంశీకృష్ణ.

“చట్టంల ఉన్న జాగ, రోడ్డు మీద సూపియ్యిన్రి!” అంది స్వరూపరాణి.

నెత్తిమీదుగా మెట్రో రైలు వెళ్లింది. మాట దాని కింద పడి నలిగిపోయింది. ఆమె మళ్లీ అంది. ఈసారి బస్సు హారను తినేసింది. మూడోసారి గొంతు పగిలింది. ఆమె గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. నాలుగు బుట్టల అవతలున్నవాళ్లు ఏమన్నావన్నట్టు చేతులు ఊపారు. ధర్మేందర్ కెమెరా వెనక కన్ను మూసుకున్నాడు. కొన్ని చూడకూడదనిపిస్తుంది.

అప్పుడు అమ్మాజీ దారం పక్కన పెట్టింది. లేవలేదు. స్వరూపరాణి వైపు చూడనూ లేదు. ముఖాన్ని ఎల్బీనగర్ దిక్కుకు తిప్పి, నోటి పక్కన అరచెయ్యి ఆనించి, మాటను విసిరింది.

“చట్టంలో ఉన్న చోటు, రోడ్డు మీద చూపించండీ!”

గోదావరి యాసలో వెళ్లిన ఆ మాటను అవతల జామకాయల బిక్షమయ్య అందుకున్నాడు. ముసలివాడు. మనిషి ఎండిపోయాడుగాని గొంతు ఎండలేదు. అతని బండి తర్వాత పెద్ద బట్టల షాపు. దాని ముందు ఎవరినీ కూర్చోనివ్వరు. అంత ఖాళీని దాటించగల గొంతు ఆ వరుసలో అతనిదొక్కటే. 

“చట్టంల ఉన్న జాగా! రోడ్డు మీద సూపియ్యిన్రీ!”

షాపు అవతల గాజులమ్మే ఆమె తల ఎత్తింది. అందుకుంది. తిప్పి విసిరింది. ఆమె తర్వాత ఫోను కవర్ల కుర్రవాడు, ఆ తర్వాత అల్లం వెల్లుల్లి పోసుకున్న అవ్వ. ఎవరూ లేవలేదు. ఎవరూ బేరం ఆపలేదు. ఒక చేత్తో తూకం వేస్తూ, ఇంకో చెయ్యి నోటి పక్కన పెట్టి, మాటను పక్కవాళ్లకు అందించారు. మాట నడిచింది. మాట పరుగెత్తింది. ధర్మేందర్ కెమెరా భుజాన వేసుకుని దాని వెనక నడిచాడు, నడక చాలక ఉరికాడు. చైతన్యపురి దగ్గర సిగ్నలు పడింది. రోడ్డుకు అడ్డంగా బండ్లు. మాట ఇక్కడ ఆగిపోతుందనుకున్నాడు. కారు అద్దాలు తుడిచే గుడ్డలమ్మే మనిషి ఆ మాటను నోటపెట్టుకుని, కార్ల మధ్యనుంచి అవతలి ఒడ్డుకు దాటించాడు.

ధర్మేందర్ కెమెరాతో అతని వెంటే దాటాడు. ఇంతకాలం వేదమంత్రాల మధ్య, బాజాల మధ్య ఎన్నో గొంతులు రికార్డు చేశాడు. చేసి, ఇంటికెళ్లాక వాటిని తీసేసి పాట పెట్టేవాడు. గొంతుకు ఇంత ఒడ్డూ పొడవూ ఉంటుందని అతనికి తెలియదు. ఇది ఒకరి కంఠంలోంచి వచ్చిన మాట కాదు. ఒక రోడ్డు తన పొడవునా మాట్లాడుతోంది. ప్రతి నోట్లోనూ కొంచెం యాస మారుతోంది, అర్థం మాత్రం నిండుకుండలా తొణకకుండా వెళ్తోంది. అతను ముఖం తర్వాత ముఖం తీశాడు. పండ్లు ఊడినవి, పాన్ పండినవి, చెమట మెరిసేవి. ఒక్క ముఖాన్నీ వదలబుద్ధి కాలేదు.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద, ఆ వరుస ఆఖరున, కంకులు కాల్చే ఆమె ఆ మాటను హైవే మీదికి వదిలింది. హయత్‌నగర్ బస్సు ఎక్కబోతున్న ఆడవాళ్లు కాలు మెట్టుమీద పెట్టి తల తిప్పి విన్నారు.

ఒక మాట వెళ్లాక ఇంకో మాట వచ్చింది. సాయంత్రందాకా వస్తూనే ఉన్నాయి. ఆఖరున, అన్నిటికన్నా చిన్న మాట వచ్చింది: “ఐదయిందీ!” దాని వెంట నిశ్శబ్దం వచ్చింది. అదీ ఆ వరుసనే, ఒక్కొక్క నోరే మూసుకుంటూ.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి వంశీకృష్ణ అక్కడ కూర్చుని ఉన్నాడు. చేతిలో టైపు చేయించిన ఫిర్యాదు.

“సార్, మాట్లాడే హక్కును నేను కాదనట్లేదు. ఆమెది ఆమె మాట్లాడుకోవచ్చు. కానీ అంతమంది, అంత క్రమంగా, ఒకరి తర్వాత ఒకరు! జీతం లేకుండా ఎవరైనా అట్లా అరుస్తారా? వాళ్లంతా కూలికి తెచ్చిన ప్రచారకులు. ఒక్కొక్కరికీ రోజు కూలి కట్టి ఆమె ఖాతాలో వెయ్యండి. ఆ ఖర్చు ఆమె చూపించలేదు. దొంగ లెక్క అయింది. మూడేళ్లు పోటీకి పనికిరాదు.”

“రుజువు?”

“మీ కెమెరాలోనే ఉంది కదండీ. అందరి మొహాలూ.”

పట్టాభి ఫిర్యాదును రెండుసార్లు చదివాడు. పట్టికలో ప్రచారకుడి రోజు కూలి ఉంది. దానిమీద వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

“ధర్మేందర్, ఆ మొహాలు లెక్కపెట్టు.”

ధర్మేందర్ కెమెరాను ఒళ్లోకి తీసుకున్నాడు. పెళ్లికూతురు ముఖం తీసినంత ప్రేమగా తీసిన ముఖాలవి. వాటినిప్పుడు ఒక్కొక్కటే ఆపి, గీత పెట్టి, ఆమె మెడకు కట్టాలి. కుర్చీలే తీసి ఉంటే ఈ పూట అతని కెమెరాలో ఏమీ ఉండేది కాదు.

“సార్, పైసలిచ్చుడు నేనైతె సూడలే.”

“ఇవ్వలేదనీ చెప్పలేవు కదా. రేపు విచారిద్దాం. లెక్క మాత్రం మొదలుపెట్టు.”

*

పోలింగుకు ముందురోజు. ప్రచారం నోరు మూసుకున్న రోజు. గోడలమీది పోస్టర్లు తప్ప ఏదీ మాట్లాడకూడదు. వ్యాను బట్టల షాపు పక్కన ఆగింది. పట్టాభి బిక్షమయ్యను వాంగ్మూలానికి రమ్మన్నాడు.

“జాగ ఇడిసి నేను రాను బిడ్డా.”

“వ్యానులో మా టైపిస్టు అడిగినవాటికి జవాబులు చెప్పి, వేలిముద్ర వేసి రండి. అంతే. మీ బండి దగ్గర నేనుంటాను. కాయలు ఎక్కడికీ పోవు.”

“కాయలు పోతె పోనీ సార్. జాగ సూస్కోవాలె.”

“చూస్తానండీ.”

ముసలివాడు రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. మళ్లీ రెండడుగులు వేసి చూశాడు. వ్యాను తలుపు అతని వెనక మూసుకుంది.

పట్టాభి బండి వెనక నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, ముందు జామకాయల గుట్ట. స్వరూపరాణి తన నైటీల కుప్ప దగ్గరినుంచి చూస్తోంది. ఫిర్యాదు సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మాజీ చెప్పింది. వంశీకృష్ణ విచారణ సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి వచ్చి, ఒక జామకాయ చేతిలోకి తీసుకున్నాడు. 

“కిలో నలభై,” అన్నాడు పట్టాభి, పలకమీద రాసింది చూసి.

“ఒక్కటే కదా సార్.”

“ఒక్కటైతే తూచాలి.”

అమ్మాజీ కిసుక్కున నవ్వింది. ధర్మేందర్ కెమెరా ఆన్ చేసి, సంఘటనాస్థలం వెడల్పు తీస్తున్నాడు. చెప్పినట్టే, ముఖాలు లేకుండా. తను మాట్లాడకుండా, దగ్గకుండా. రికార్డింగులో తన గొంతు పడటం అతని వృత్తిలో తప్పు.

అప్పుడు వచ్చింది ఆ కేక. దిల్‌సుఖ్‌నగర్ డిపో వైపునుంచి, సన్నగా, వేగంగా, నోటినుంచి నోటికి దూకుతూ. “బండీ… బండీ…”

ఫుట్‌పాత్‌మీది బుట్టలూ బండ్లూ ఎత్తుకుపోయే మున్సిపాలిటీ లారీ. రేపటి పోలింగుకు దారులు ఖాళీ చేస్తోందేమో, నెత్తిన పసుపు లైటు తిప్పుతూ వస్తోంది. కేక ముందు ఉరుకుతోంది, లారీ వెనక వస్తోంది. కేక తాకినచోటల్లా గోనెపట్టాల నాలుగు మూలలూ ఒక్కసారి పైకి లేచి మూటలవుతున్నాయి. బుట్టలు సందుల్లోకి మాయమవుతున్నాయి. 

ధర్మేందర్ గుర్తుపట్టాడు. నిన్న మాటను మోసిన దారి ఇదే. అదే అరచెయ్యి, అదే మెడ తిప్పడం, అదే అందింపు. ఎవరూ జీతమిచ్చి నేర్పలేదు. ఏళ్ల తరబడి ఈ లారీయే నేర్పింది. భయం మోసుకుపోవడానికి వేసుకున్న బాటమీద నిన్న ఒక్కరోజు వాళ్లు తమ మాటను నడిపించారు.

స్వరూపరాణి అందుకుంది. అమ్మాజీ అందుకుంది. “బండీ!” అంటూ బిక్షమయ్య వైపు తిరిగి విసిరింది.

అక్కడ బిక్షమయ్య లేడు. పట్టాభి ఉన్నాడు.

అమ్మాజీ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. బట్టల షాపు అవతల గాజులావిడ ఎవరి మణికట్టుకో గాజులు ఎక్కిస్తోంది. అల్లం అవ్వ కునుకు తీస్తోంది. వాళ్లకు ఏమీ వినపడలేదు. వ్యాను తలుపు మూసి ఉంది. లారీ పసుపు వెలుగు పిలరుమీద పడి జారింది.

పట్టాభి వ్యాను వైపు చూశాడు. అమ్మాజీ వైపు చూశాడు. షాపు ముందరి ఖాళీ వైపు చూశాడు. జాగ చూసుకోవడమంటే ఏమిటో ఆయన ముఖంలో మెల్లగా తెల్లవారింది. నీలిఫైలును జామకాయలమీద పెట్టాడు. నోటి పక్కన అరచెయ్యి ఆనించాడు.

“బండొచ్చిందీ…!”

ఆ మనిషిలో అంత గొంతుందని ఎవరికీ తెలియదు. బహుశా ఆయనకూ తెలియదు. ఏలూరు కాలవలూ వరిచేలూ దాటి వచ్చిన కేకలా అది షాపు అద్దాలకు తగిలి, ఖాళీని దాటింది. గాజులావిడ దిగ్గున తల ఎత్తింది. “బండీ!” అందుకుంది. అల్లం అవ్వ కళ్లు తెరవకముందే పట్టా మూలలు దొరకబుచ్చుకుంది. కేక చైతన్యపురి వైపు సాగిపోయింది. లారీ వచ్చేసరికి ఫుట్‌పాత్‌మీద ఎండ తప్ప ఏమీ లేదు. అధికారి నిలబడ్డ జామకాయల బండిని చూసి డ్రైవరు తికమకపడి, దాటుకుని వెళ్లిపోయాడు.

ధర్మేందర్ కెమెరా మూలన ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

“సార్,” అన్నాడు మెల్లగా, “రికార్డయింది. మీ గొంతు తీసెయ్యాల్నా?”

పట్టాభి దగ్గాడు. గొంతు జీరపోయింది. “ఎందుకు తీసేస్తావయ్యా. జరిగిందేగా. ఉండనీ.” ఆ తర్వాత వంశీకృష్ణ వైపు తిరిగాడు. “మీ ఫిర్యాదులో ఏమని రాశారు? జీతం లేనిదే ఇంత క్రమంగా ఎవరూ అరవరని కదండీ?”

“అవును సార్.”

“నాకెవరిచ్చారు?”

వంశీకృష్ణ చేతిలో జామకాయ అలాగే ఉంది. “అది… ఇది ఎలక్షన్ కాదు కదా సార్.”

“గొంతులు అవే. వరుస అదే. వీళ్లు రోజూ ఉత్తినే చేసే పనికి నిన్నొక్కరోజు కూలి ఎలా కట్టమంటారు? పట్టికలో దీనికి రేటు లేదు. ఎవరూ పెట్టని ఖర్చును ఆమె ఖాతాలో వెయ్యను. ఆ మాటే రాసి పంపిస్తాను. పై అధికారికి చెప్పుకోండి.” ఆగి, ధర్మేందర్‌తో అన్నాడు: “లెక్కపెట్టడం ఆపెయ్.”

స్వరూపరాణి విన్నది. మూటగట్టిన నైటీలమీద కూలబడి, మెడలోని కొలతల టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. వేలికి సిరా మరకతో బిక్షమయ్య ఆదరాబాదరా దిగాడు. ఖాళీ ఫుట్‌పాత్ చూశాడు, తన బండి చూశాడు. “ఎవలు, నా జాగల ఒర్రింది?”

“మీ సారేనండీ,” అంది అమ్మాజీ.

ముసలివాడు పట్టాభిని కిందినుంచి మీదికి చూశాడు. “గొంతు మంచిగనే ఉన్నది గని సార్, ఒర్రేటప్పుడు బండి దిక్కు సూసిన్రా, అటు దిక్కు సూసిన్రా?”

“ఇటూ అటూ చూశానండీ.”

“అట్ల సూడొద్దు. ఎవలికి చెప్తున్నరో ఆళ్ల దిక్కే సూడాలె. అప్పుడే మాట పోతది.”

పట్టాభి బుద్ధిగా తల ఊపాడు. 

ఎల్బీనగర్ దిక్కునుంచి, ఈసారి నెమ్మదిగా, బదులు రాసాగింది. లారీ దాటిపోయిందన్న కబురు. “పోయిందీ… పోయిందీ…” సందుల్లోంచి ఒక్కొక్క బుట్టే బయటికొస్తోంది. కబురు గాజులావిడదాకా వచ్చింది. ఆమె ఇటు తిరిగి, ఖాళీ మీదుగా విసిరింది. బిక్షమయ్య గొంతు సవరించుకున్నాడు. అంతలోనే ఆగి, నోరు మూసుకుని, ఒక అడుగు పక్కకు జరిగి పట్టాభి వైపు చూశాడు. అటు అమ్మాజీ, స్వరూపరాణి, వాళ్ల వెనక బస్‌స్టాపుదాకా మూటలు పట్టుకుని నిలబడ్డ మనుషులు, అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

పట్టాభి వాళ్ల దిక్కు ముఖం తిప్పి, నోటి పక్కకు అరచెయ్యి ఎత్తాడు. ధర్మేందర్ తన ఊపిరి చప్పుడు రికార్డులో పడకుండా బిగబట్టాడు.